టాపెస్ట్రీలో ఈవెంటు హ్యాండ్లర్ల దోష నిర్ధారణ

అపాచీ టాపెస్ట్రీ జావా భాషలో వెబ్ అప్లికేషన్లను నిర్మించటానికి ఉపయోగపడే ఒక ఓపెన్ సోర్స్ ఫ్రేమ్‌వర్కు. ఇందులో ప్రతి వెబ్ పేజీకి ఒక జావా క్లాసు, సాధారణంగా దానికి తోడుగా ఒక టెంప్లేటు ఉంటాయి. వాడుకరి లింకును నొక్కినపుడు గానీ, ఫారమును సమర్పించినపుడు గానీ పేజీలో ఒక ఈవెంటు (ఘటన) పుడుతుంది. ఆ ఈవెంటుకు స్పందించే మెథడును ఈవెంటు హ్యాండ్లరు అంటారు. టాపెస్ట్రీ 5వ తరములో ఏ మెథడు ఏ ఈవెంటుకు స్పందించాలన్నది చాలావరకు ఆ మెథడు పేరును బట్టే నిర్ణయమవుతుంది. పేరులో ఒక్క అక్షరం తప్పినా జావా కంపైలరు అభ్యంతరం చెప్పదు. ఆ పేరుతో ఒక మెథడు ఉండటం జావా భాష దృష్టిలో తప్పు కాదు. ఇందువలన టాపెస్ట్రీ హ్యాండ్లర్లలోని దోషాలలో చాలా భాగం నిశ్శబ్ద దోషాలు. పేజీ మామూలుగానే తెరుచుకుంటుంది, బొత్తాము నొక్కబడుతుంది, కానీ జరగవలసిన పని జరగదు. లేదా రెండుసార్లు జరుగుతుంది. లేదా జరిగిన పని ఫలితం కనిపించదు.

ఈ వ్యాసంలో కోడులోని పేర్లను ఉచ్చారణను అనుసరించి తెలుగు లిపిలో ఇవ్వటం జరిగింది. కోడులో ఇవన్నీ రోమను అక్షరాలలోనే, మధ్యలో ఖాళీలు లేకుండా ఉంటాయి. ఉదాహరణల కోసం ఒక కళాశాల గ్రంథాలయంలో పుస్తకాన్ని ముందుగా కేటాయించుకునే పేజీని ఊహించటమైనది. అందులో "రిజర్వ్‌ఫారం" అనే ఫారము ఒకటి ఉందనుకోవాలి.

నేపథ్యం

టాపెస్ట్రీని హోవార్డ్ లూయిస్ షిప్ 2000లో రూపొందించటం ప్రారంభించాడు. తరువాత ఇది అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌లో చేరి, 2006లో అక్కడ ఉన్నతస్థాయి ప్రాజెక్టు అయింది. 2008 డిసెంబరులో విడుదలైన 5.0 వెర్షను పాత వెర్షన్లతో పొసగని కొత్త నిర్మాణం. 4వ తరములో పేజీ క్లాసులు ఫ్రేమ్‌వర్కు ఇచ్చిన మూల క్లాసుల నుండి వారసత్వం పొందవలసి ఉండేది. 5వ తరములో ఆ నిబంధన పోయి, ఏ మూల క్లాసూ లేని సాదా జావా క్లాసే పేజీ అయింది.

ఈ మార్పులో దోషనిర్ధారణకు సంబంధించిన ముఖ్య విషయం ఒకటి ఉంది. 4వ తరములో ఫారము సమర్పించినపుడు ఏ మెథడును పిలవాలో టెంప్లేటులోనే పేర్కొనేవారు. టెంప్లేటు మెథడును వెదికేది. అది లేకపోతే దోష సందేశం వచ్చేది. 5వ తరములో దిశ తిరగబడింది. ఇక్కడ మెథడే తన పేరు ద్వారా కాంపొనెంటును సూచిస్తుంది. సూచించినది ఎవరికీ అందకపోతే, అడిగేవారు లేరు. కోడు తగ్గింది, చదవటానికి సులువైంది. దానికి చెల్లించిన వెల మాత్రం ఈ మౌనమే.

పేరు నిర్మాణం

హ్యాండ్లరు పేరు "ఆన్" అనే పదంతో మొదలవుతుంది. తరువాత ఈవెంటు పేరు వస్తుంది. ఆ ఈవెంటు ఒక నిర్దిష్ట కాంపొనెంటు నుండి వచ్చినపుడు మాత్రమే స్పందించాలంటే "ఫ్రమ్" అనే పదము, దాని తరువాత ఆ కాంపొనెంటు ఐడి చేరుస్తారు. రిజర్వ్‌ఫారం విజయవంతంగా సమర్పించబడినపుడు పనిచేయవలసిన మెథడు పేరు "ఆన్‌సక్సెస్‌ఫ్రమ్‌రిజర్వ్‌ఫారం" అవుతుంది. ఈవెంటు పేరులో, ఐడిలో పెద్దబడి చిన్నబడి అక్షరాల తేడాను టాపెస్ట్రీ పట్టించుకోదు. మెథడు ప్రైవేటు అయినా పనిచేస్తుంది.

ఇదే పనిని "ఆన్‌ఈవెంట్" అనే ఎనొటేషను ద్వారా కూడా చేయవచ్చు. అప్పుడు మెథడుకు ఏ పేరైనా పెట్టుకోవచ్చు. ఈవెంటు పేరును నేరుగా అక్షరాలలో వ్రాయకుండా "ఈవెంట్‌కాన్‌స్టాంట్స్" క్లాసులోని స్థిరాంకాన్ని వాడితే, అందులో అక్షరదోషం ఉంటే కంపైలరే పట్టుకుంటుంది. చిన్న అప్లికేషన్లలో పేరు పద్ధతి హాయిగా ఉంటుంది. పలువురు కలిసి పనిచేసే పెద్ద అప్లికేషన్లలో ఎనొటేషను పద్ధతి మేలు.

హ్యాండ్లరు పిలువబడకపోవటం

అన్నిటికంటే తరచుగా ఎదురయ్యే సమస్య ఇది. దీనికి మొదటి కారణం అక్షరదోషం. "సక్సెస్" అనే ఈవెంటు పేరులో ఒక అక్షరం తగ్గితే అది టాపెస్ట్రీకి తెలియని మరొక ఈవెంటు అవుతుంది. కాంపొనెంట్లు తమకు ఇష్టమైన పేరుతో ఈవెంట్లను పుట్టించవచ్చు గనుక, తెలియని పేరు తప్పు అని చెప్పటానికి ఫ్రేమ్‌వర్కుకు ఆధారం లేదు. ఐడి విషయం వేరు. 2011లో వచ్చిన 5.3 వెర్షను నుండి, హ్యాండ్లరు పేరులో సూచించిన ఐడి గల కాంపొనెంటు ఆ టెంప్లేటులో లేకపోతే పేజీ తెరిచేటపుడే దోష సందేశం వస్తుంది. పాత అప్లికేషన్ల కోసం ఈ తనిఖీని ఆపివేసే సౌకర్యం కూడా ఇచ్చారు. కొత్త వెర్షనుకు మారేటపుడు దీనిని ఆపివేసి, తరువాత మరచిపోయిన అప్లికేషన్లలో ఈ రక్షణ ఉండదు.

లింకుల విషయంలో మరొక రక్షణ ఉంది. లింకును నొక్కినపుడు పుట్టిన ఈవెంటుకు పేజీలో ఒక్క హ్యాండ్లరు కూడా స్పందించకపోతే, ఆ ఈవెంటును ఎవరూ స్వీకరించలేదని తెలిపే దోష పేజీ కనిపిస్తుంది. ఫారములకు ఇది వర్తించదు. ఫారము సమర్పణను మొదట స్వీకరించేది ఫారము కాంపొనెంటే. అంటే టాపెస్ట్రీ లెక్కలో ఆ ఈవెంటు స్వీకరించబడినట్లే. ఫారము తన వంతుగా పుట్టించే సక్సెస్ వంటి ఈవెంట్లను పేజీ పట్టించుకున్నా పట్టించుకోకపోయినా దానికి ఒకటే. గ్రంథాలయ పేజీలో విద్యార్థి పుస్తకం కేటాయించమని కోరతాడు, పేజీ మళ్ళీ తెరుచుకుంటుంది, ఎర్ర అక్షరాలలో ఏ హెచ్చరికా రాదు. పుస్తకం మాత్రం అతని పేరున నమోదు కాదు. ఇటువంటి దోషం నెలల తరబడి బయటపడకపోవచ్చు.

ఐడి ఇచ్చిన తీరు వలన కూడా హ్యాండ్లరు పిలువబడకపోవచ్చు. టెంప్లేటులో కాంపొనెంటు ఐడిని "టి:ఐడి" అనే లక్షణంతో ఇవ్వాలి. "టి" లేకుండా మామూలు "ఐడి" మాత్రమే ఇస్తే అది బ్రౌజరుకు వెళ్ళే ఐడి మాత్రమే అవుతుంది. సర్వరు వైపు టాపెస్ట్రీ కాంపొనెంటు రకాన్ని బట్టి తానే ఒక పేరు పెట్టుకుంటుంది. అలా పెట్టుకున్న పేరు మీద ఆధారపడి హ్యాండ్లరు వ్రాస్తే, పేజీలో అదే రకపు కాంపొనెంటు మరొకటి చేరిన రోజున పేర్లు మారిపోవచ్చు.

లింకుల రకాలలోనూ తికమక ఉంది. "యాక్షన్‌లింక్" కాంపొనెంటు "యాక్షన్" అనే ఈవెంటును తన నుండి పుట్టిస్తుంది. "ఈవెంట్‌లింక్" అలా కాదు. అది తనను కలిగియున్న పేజీ మీద, లేదా కాంపొనెంటు మీద, ఈవెంటును పుట్టిస్తుంది. ఈవెంటు పేరు ఇవ్వకపోతే లింకు ఐడియే ఈవెంటు పేరవుతుంది. అందుచేత ఈవెంట్‌లింక్‌కు వ్రాసిన హ్యాండ్లరు పేరులో "ఫ్రమ్" చేర్చి లింకు ఐడి పెడితే అది ఎన్నటికీ పిలువబడదు. "పేజ్‌లింక్" ఏ యాక్షన్ ఈవెంటునూ పుట్టించదు, వేరే పేజీని తెరుస్తుంది. సబ్మిట్ బొత్తాము పుట్టించే ఈవెంటు పేరు "సెలెక్టెడ్". దానికి యాక్షన్ అని వ్రాయటం తరచు కనిపించే పొరపాటు.

వీటన్నిటికంటే సూక్ష్మమైనది ఈవెంటు పైకి ప్రయాణించేటపుడు జరిగే మార్పు. కాంపొనెంటులో పుట్టిన ఈవెంటు మొదట ఆ కాంపొనెంటులో, తరువాత దానిని కలిగియున్న కాంపొనెంటులో, చివరకు పేజీలో హ్యాండ్లరు కోసం వెదుకుతూ వెళుతుంది. ఒక్కో మెట్టు ఎక్కినపుడు అది క్రింది మెట్టులోని కాంపొనెంటు నుండి వచ్చినట్లు కనబడుతుంది, మొదట పుట్టినచోటి నుండి కాదు. రిజర్వ్‌ఫారం మొదట పేజీ టెంప్లేటులోనే ఉందనుకుందాం. తరువాత దానిని "బుక్‌ప్యానెల్" అనే ప్రత్యేక కాంపొనెంటులోకి మార్చి, ఆ కాంపొనెంటును పేజీలో "ప్యానెల్" అనే ఐడితో ఉంచారు. ఇప్పుడు పేజీకి సక్సెస్ ఈవెంటు చేరేటప్పటికి అది "ప్యానెల్" నుండి వచ్చినదే. పాత పేరుతో పేజీలో ఉండిపోయిన హ్యాండ్లరు పనిచేయదు. ఇక్కడ లెక్కకు వచ్చేది ఫారము ఏ టెంప్లేటు ఫైలులో వ్రాయబడి ఉందన్నదే. పేజీ టెంప్లేటులోనే, లేఔట్ వంటి మరొక కాంపొనెంటు ట్యాగుల మధ్య ఫారము వ్రాసి ఉంటే, దానిని కలిగియున్నది పేజీయే, లేఔట్ కాదు.

హ్యాండ్లరు శూన్యం కాని విలువను తిరిగి ఇస్తే ఈ ప్రయాణం అక్కడితో ఆగిపోతుంది. పేజీ పేరు, పేజీ క్లాసు, లింకు వంటివి ఇస్తే తరువాత చూపవలసినది అదేనని అర్థం. బూలియను విలువ "ట్రూ" ఇస్తే ఈవెంటు పూర్తయిందని, "ఫాల్స్" ఇస్తే ఇంకా పైకి వెళ్ళవచ్చునని అర్థం. పేజీలోని హ్యాండ్లరు సరిగానే ఉన్నా, క్రింది కాంపొనెంటులోని హ్యాండ్లరు ఏదో ఒక విలువ తిరిగి ఇస్తున్నందువలన ఈవెంటు పేజీ వరకు రాకపోవచ్చు.

పారామీటర్ల లెక్క

లింకుతో పాటు పంపే విలువలను కాంటెక్స్ట్ అంటారు. పుస్తకం సంఖ్య, పేజీ సంఖ్య వంటివి ఇందులో ఉంటాయి. హ్యాండ్లరు కోరే పారామీటర్ల సంఖ్య వచ్చిన విలువల సంఖ్యకు మించితే ఆ హ్యాండ్లరును టాపెస్ట్రీ పిలవదు. తక్కువైతే మాత్రం పిలుస్తుంది, మిగిలిన విలువలను వదిలివేస్తుంది. సంఖ్యను కోరే పారామీటరుకు సంఖ్యగా మార్చలేని అక్షరాలు వస్తే దోషం స్పష్టంగా బయటపడుతుంది గనుక అది పెద్ద చిక్కు కాదు.

పేజీ తెరిచేటపుడు పుట్టే "యాక్టివేట్" ఈవెంటులో ఈ లెక్క ఎక్కువగా తప్పుతుంది. "ఆన్‌యాక్టివేట్" మెథడు ఒక పుస్తకం సంఖ్యను కోరుతుండగా చిరునామాలో ఆ సంఖ్య లేకపోతే, మెథడు పిలువబడకుండానే పేజీ తెరుచుకుంటుంది. పుస్తకం వివరాలు ఉండవలసిన చోట ఖాళీ, లేదా శూన్య విలువను వాడినందుకు వచ్చే దోషం కనిపిస్తుంది. ఈ దోషం టెంప్లేటులో ఉన్నట్లు చూపబడుతుంది గానీ మూలం అక్కడ లేదు.

ఈ చిక్కును తప్పించటానికి కొందరు పారామీటరు లేని రెండవ ఆన్‌యాక్టివేట్ మెథడును కూడా వ్రాస్తారు. సంఖ్య ఉంటే మొదటిది, లేకపోతే రెండవది పిలువబడుతుందని వారి ఊహ. వాస్తవంలో సంఖ్య ఉన్నపుడు రెండూ పిలువబడతాయి. ఒకే పేరు గల మెథడులలో ఎక్కువ పారామీటర్లు ఉన్నది ముందు, తక్కువ ఉన్నది తరువాత వస్తాయి. మొదటిది "ట్రూ" విలువను తిరిగి ఇస్తేనే రెండవది ఆగుతుంది. వేర్వేరు పేర్లు గల మెథడులు ఒకే ఈవెంటుకు సరిపోతే అక్షర క్రమంలో పిలువబడతాయి. మూల క్లాసులోనివి ఉపక్లాసులోని వాటికంటే ముందు వస్తాయి.

కాంటెక్స్ట్‌లో తెలుగు అక్షరాలు ఉన్నపుడు చిరునామా వింతగా కనిపిస్తుంది. సాధారణ వెబ్ చిరునామాలలో వాడే శాతం గుర్తుకు బదులు టాపెస్ట్రీ తనదైన సంకేత పద్ధతిని వాడుతుంది. రోమను అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులు తప్ప మిగిలిన ప్రతి యూనికోడు అక్షరాన్నీ ఒక డాలరు గుర్తుగా, దాని వెంట నాలుగు స్థానాల షోడశాంశ సంఖ్యగా మారుస్తుంది. "తెలుగు" అనే పదంలో గుణింతపు గుర్తులతో కలిపి ఆరు యూనికోడు అక్షరాలు ఉన్నాయి గనుక అది చిరునామాలో 30 అక్షరాలు అవుతుంది. ఇది దోషం కాదు. హ్యాండ్లరుకు చేరేసరికి పదం మళ్ళీ తెలుగులోకి మారుతుంది. అయితే చిరునామాను చేతితో కూర్చి, తెలుగు పదాన్ని శాతం గుర్తుల పద్ధతిలో చొప్పించే జావాస్క్రిప్టు కోడు ఉంటే ఆ రెండు పద్ధతులూ పొసగక చిక్కులు వస్తాయి. లింకులను టాపెస్ట్రీ చేతనే తయారు చేయించటం మంచిది.

అనుకున్నదానికంటే ఎక్కువసార్లు పిలువబడటం

పని జరగకపోవటం కంటే రెండుసార్లు జరగటం ఒక్కొక్కసారి ఎక్కువ హాని చేస్తుంది. ఆన్‌యాక్టివేట్ మెథడు పేజీ చూపేటపుడే కాక, ఆ పేజీలోని ఏ ఈవెంటునైనా నిర్వహించటానికి ముందు కూడా పిలువబడుతుంది. ఫారము ఒకసారి సమర్పిస్తే ఈవెంటు అభ్యర్థనలో ఒకసారి, తరువాత పేజీని తిరిగి చూపేటపుడు మరొకసారి, మొత్తం రెండుసార్లు పిలువబడుతుంది. చూపుల లెక్కను పెంచటం, ఈమెయిలు పంపటం వంటి పనులను అందులో పెడితే అవి రెట్టింపు అవుతాయి. ఆన్‌యాక్టివేట్‌లో విలువలను గుర్తుపెట్టుకోవటం, ప్రవేశానుమతిని పరిశీలించటం మాత్రమే ఉండాలి. ప్రవేశానుమతి లేనివారిని ఇక్కడ మరొక పేజీకి మళ్ళిస్తే, ఆ పేజీలోని ఈవెంటు హ్యాండ్లర్లు కూడా పిలువబడవు. భద్రత దృష్ట్యా ఇది మేలైన గుణమే. కానీ తెలియనివారికి "ఫారము పనిచేయటం లేదు" అనిపిస్తుంది.

ఫారము సమర్పణలో ఈవెంట్ల వరుస ఇలా ఉంటుంది. మొదట ఫారమును సిద్ధం చేసే "ప్రిపేర్" ఈవెంట్లు వస్తాయి. తరువాత ప్రతి గడిలోని విలువా చదవబడి, పరీక్షించబడుతుంది. ఆ తరువాత సబ్మిట్ బొత్తాము యొక్క "సెలెక్టెడ్", ఫారము యొక్క "వాలిడేట్" వస్తాయి. అప్పటికి దోషాలు లేకపోతే "సక్సెస్", ఉంటే "ఫెయిల్యూర్" వస్తుంది. ఏది వచ్చినా చివరన "సబ్మిట్" వస్తుంది. సక్సెస్ హ్యాండ్లరు ఒక విలువను తిరిగి ఇచ్చి వేరే పేజీకి మళ్ళిస్తే మాత్రం సబ్మిట్ ఈవెంటు రాదు.

ఈ వరుసలో రెండు ఉచ్చులు ఉన్నాయి. సెలెక్టెడ్ ఈవెంటు వాలిడేట్ కంటే ముందే వస్తుంది. గడులలో దోషాలు ఉన్నా వస్తుంది. "కేటాయించు", "రద్దుచేయి" అని రెండు బొత్తాములు ఉన్న ఫారములో, పుస్తకాన్ని నమోదు చేసే పనిని సెలెక్టెడ్ హ్యాండ్లరులో పెడితే, సభ్యత్వ సంఖ్య తప్పుగా వ్రాసినవారి అభ్యర్థన కూడా డేటాబేసులో చేరిపోతుంది. తెర మీద దోష సందేశమూ కనిపిస్తుంది, నమోదూ జరుగుతుంది. ఏ బొత్తాము నొక్కబడిందో గుర్తుపెట్టుకోవటానికి మాత్రమే సెలెక్టెడ్‌ను వాడి, అసలు పనిని సక్సెస్‌లో చేయాలి. సబ్మిట్ ఈవెంటు కూడా దోషాలున్నపుడు వచ్చేదే గనుక దానికీ ఇదే జాగ్రత్త అవసరం.

రెండవ ఉచ్చు వాలిడేట్ అనే పేరులోనే ఉంది. ఫారమే కాక, అందులోని ప్రతి గడి కూడా అదే పేరుతో ఈవెంటును పుట్టిస్తుంది. అవి కూడా పేజీ వరకు వస్తాయి. "ఫ్రమ్" లేకుండా "ఆన్‌వాలిడేట్" అని వ్రాసిన మెథడు, ఐదు గడులున్న ఫారములో ఆరుసార్లు వరకు పిలువబడవచ్చు. మొదటి గడి పరీక్ష జరిగే సమయానికి మిగిలిన గడుల విలువలు ఇంకా చదవబడలేదు. అందుచేత "తేదీ ఇవ్వలేదు" వంటి అబద్ధపు దోషాలు పుడతాయి, ఒకే సందేశం పలుమార్లు కనబడుతుంది. పేరులో ఫారము ఐడి చేర్చితే సమస్య తీరుతుంది. పాత పాఠాలలో కనిపించే "ఆన్‌వాలిడేట్‌ఫారం" అనే పేరు 5వ తరపు తొలి వెర్షన్లకు చెందినది. తరువాత దాని స్థానంలో వాలిడేట్ వచ్చింది.

ఎవరూ నొక్కకుండానే హ్యాండ్లరు పిలువబడిన సందర్భాలూ ఉంటాయి. యాక్షన్‌లింక్ మామూలు లింకే. సెర్చి ఇంజన్ల రోబోట్లు, పేజీలను ముందుగా తెచ్చిపెట్టుకునే సాధనాలు అటువంటి లింకులను తామే అనుసరిస్తాయి. పుస్తకాన్ని జాబితా నుండి తొలగించే పనిని లాగిన్ అవసరం లేని పేజీలో లింకు రూపంలో పెట్టటం ప్రమాదకరం. తొలగింపులు ఫారము ద్వారానే జరగాలి.

పని జరిగినా ఫలితం కనిపించకపోవటం

లాగులో హ్యాండ్లరు నడిచినట్లు కనిపిస్తుంది. అందులో పేజీ యొక్క "సందేశం" అనే ఫీల్డుకు విలువ కూడా ఇవ్వబడింది. పేజీలో మాత్రం సందేశం లేదు. టాపెస్ట్రీని కొత్తగా నేర్చుకునేవారిని కలవరపెట్టే సమస్య ఇది. ఈవెంటు నిర్వహణ పూర్తి కాగానే టాపెస్ట్రీ పేజీని నేరుగా చూపదు. పేజీని మళ్ళీ అడగమని బ్రౌజరుకు చెబుతుంది. బ్రౌజరు రెండవ అభ్యర్థన పంపుతుంది. మొదటి అభ్యర్థన ముగిసిన వెంటనే ఫీల్డుల విలువలు తుడిచిపెట్టబడతాయి. ఈ ఏర్పాటు వలన వాడుకరి పేజీని రిఫ్రెష్ చేసినా ఫారము రెండవసారి సమర్పించబడదు.

విలువ నిలవాలంటే "పర్సిస్ట్" ఎనొటేషనుతో దానిని సెషనులో ఉంచవచ్చు. "ఫ్లాష్" పద్ధతిలో ఉంచితే విలువ తరువాతి అభ్యర్థన వరకే నిలుస్తుంది. విజయ సందేశాలకు ఇది సరిపోతుంది. రిఫ్రెష్ చేయగానే సందేశం పోవటం దాని సహజ గుణం. పుస్తకం సంఖ్య వంటి విలువను "ఆన్‌పాసివేట్" మెథడు ద్వారా చిరునామాలోనే ఉంచటం అన్నిటికంటే మంచిది. అప్పుడు సెషను అవసరం ఉండదు, ఆ చిరునామాను ఇతరులకు పంపవచ్చు. ప్రతి ఫీల్డుకూ పర్సిస్ట్ తగిలించటం త్వరగా పని జరిపించే మార్గంగా కనిపిస్తుంది గానీ, రెండు బ్రౌజరు కిటికీలలో రెండు పుస్తకాలు తెరిచిన వాడుకరికి ఒకదాని విలువలు మరొకదానిలో కనిపించటానికి దారితీస్తుంది.

ఒకరి సమాచారం మరొకరికి కనిపించటం

అరుదైనదే అయినా ఈ దోషం తీవ్రమైనది. 5.0, 5.1 వెర్షన్లలో ప్రతి పేజీకి కొన్ని ఆబ్జెక్టులను ఒక నిల్వలో ఉంచి, ఒక్కో అభ్యర్థనకు ఒక్కొక్కటి ఇచ్చేవారు. 2010లో వచ్చిన 5.2 నుండి ఒక పేజీకి ఒకే ఆబ్జెక్టు ఉంటుంది. దానినే అభ్యర్థనలన్నీ పంచుకుంటాయి. మారే ఫీల్డుల విలువలను టాపెస్ట్రీ ఒక్కో అభ్యర్థనకు విడివిడిగా దాస్తుంది. ఇందుకోసం క్లాసు బైట్‌కోడునే మారుస్తుంది. కానీ ఫీల్డును ప్రకటించే చోటనే ఒక ఖాళీ జాబితాను సృష్టించి ఇస్తే, ఆ జాబితా ఆబ్జెక్టు ఒక్కటే తొలి విలువగా అందరికీ చేరుతుంది. హ్యాండ్లరు ఆ జాబితాలో పుస్తకాల పేర్లు చేర్చినపుడు ఫీల్డు మారలేదు, జాబితా లోపలి సరుకు మారింది. దానిని టాపెస్ట్రీ గమనించదు. ఒక విద్యార్థి ఎంచుకున్న పుస్తకాలు మరొక విద్యార్థి తెర మీద కనబడతాయి. పాత వెర్షన్లలో కూడా నిల్వలోని ఆబ్జెక్టు మరొకరికి వెళ్ళినపుడు ఇదే జరిగేది.

అభివృద్ధి చేసేవారు తమ కంప్యూటరులో ఒక్కరే వాడుతూ పరీక్షిస్తారు గనుక ఈ దోషం అక్కడ కనిపించదు, లేదా "జాబితా పెరిగిపోతోంది" అన్నట్లు మాత్రమే కనిపిస్తుంది. జాబితాలు, పట్టికలు వంటి మారే ఆబ్జెక్టులను ప్రకటన వద్ద కాక ఆన్‌యాక్టివేట్‌లో గానీ, ప్రిపేర్ హ్యాండ్లరులో గానీ, పేజీని చూపటం ప్రారంభించే "సెటప్‌రెండర్" దశలో గానీ కొత్తగా సృష్టించాలి.

దోషం వెదికే సాధనాలు

ముందుగా తేల్చుకోవలసినది హ్యాండ్లరు అసలు పిలువబడిందా లేదా అన్నది. దీనికి కోడులో ముద్రణ వాక్యాలు చేర్చనవసరం లేదు. టాపెస్ట్రీ ప్రతి పేజీ క్లాసుకూ ఈవెంట్ల కోసం ప్రత్యేకంగా ఒక లాగరును ఉంచుతుంది. ఆ లాగరు పేరు "టాపెస్ట్రీ", చుక్క, "ఈవెంట్స్", చుక్క, ఆ తరువాత క్లాసు పూర్తి పేరు. దానిని డీబగ్ స్థాయికి మార్చితే ఏ ఈవెంటు ఏ కాంపొనెంటు నుండి వచ్చి ఏ మెథడుకు సరిపోయిందో లాగులో కనబడుతుంది. ఈవెంటు కనిపించి మెథడు కనిపించకపోతే తప్పు పేరులోనో పారామీటర్లలోనో ఉంది. ఈవెంటే కనిపించకపోతే తప్పు టెంప్లేటులోనో, ముందుగా ఆపివేసిన మరొక హ్యాండ్లరులోనో ఉంది.

లింకు చిరునామా కూడా చాలా చెబుతుంది. పేజీ పేరు తరువాత చుక్క, కాంపొనెంటు ఐడి, ఆపైన రెండు చుక్కల గుర్తు వెంట ఈవెంటు పేరు ఉంటాయి. యాక్షన్ ఈవెంటు అయితే దాని పేరు వ్రాయబడదు. పేజీ మీదే పుట్టే ఈవెంటుకు కాంపొనెంటు ఐడి ఉండదు. బ్రౌజరులో లింకు మీద మౌసు ఉంచి ఈ చిరునామాను హ్యాండ్లరు పేరుతో పోల్చి చూస్తే, పైన చెప్పిన ఈవెంట్‌లింక్ తికమక వెంటనే తెలిసిపోతుంది.

డీబగ్గరులో ఆగి చూసినపుడు ఫీల్డులన్నీ శూన్యంగా కనిపించటం పాత వెర్షన్లలో మామూలే. అసలు విలువలు వేరేచోట ఉంటాయి గనుక డీబగ్గరు చూపేది నమ్మదగినది కాదు. 5.3 నుండి అభివృద్ధి దశలో విలువలను ఫీల్డులోనూ వ్రాసే ఏర్పాటు వచ్చింది. ప్రొడక్షన్ మోడులో ఇది పనిచేయదు. ఆ మోడు అప్రమేయంగా అమలులో ఉంటుంది. అభివృద్ధి చేసేటపుడు దానిని ఆపివేయాలి.

హ్యాండ్లరు నుండి వెలువడే దోషాలను పేజీయే పట్టుకోవటానికి "ఆన్‌ఎక్సెప్షన్" అనే హ్యాండ్లరు వ్రాయవచ్చు. అది ఒక విలువను తిరిగి ఇస్తే దోషం పరిష్కరించబడినట్లు టాపెస్ట్రీ భావిస్తుంది. లాగులో నమోదు చేయకుండా ఇలా మింగివేస్తే వెదకటం మరింత కష్టమవుతుంది.

హ్యాండ్లర్లు సాదా జావా మెథడులు గనుక యూనిట్ పరీక్షలలో వాటిని నేరుగా పిలిచి పరీక్షించటం తేలిక. కానీ ఆ పరీక్ష మెథడు లోపలి పనిని మాత్రమే పరీక్షిస్తుంది. పేరు తప్పుగా ఉన్న మెథడును పరీక్ష కూడా అదే తప్పు పేరుతో పిలుస్తుంది గనుక నెగ్గుతుంది. పేరుకు, టెంప్లేటుకు గల సంబంధాన్ని పరీక్షించాలంటే టాపెస్ట్రీతో పాటు వచ్చే "పేజ్‌టెస్టర్" వంటి సాధనాన్ని వాడాలి. అది సర్వరు లేకుండానే పేజీని తయారు చేసి, లింకును నొక్కి, ఫారమును నింపి సమర్పించగలదు. గ్రంథాలయ పేజీ విషయంలో ఫారము సమర్పించిన తరువాత పుస్తకం డేటాబేసులో నమోదైనదో లేదో చూసే ఒక్క పరీక్ష ఉంటే, ఐడి మార్చిన రోజునే తప్పు బయటపడుతుంది.